ముదిరిన నారు

ఆండాలుకు నలభై ఆరో ఏట గర్భసంచి ఆపరేషన్ అయింది. మిర్యాలగూడలో కుట్లు విప్పిన రోజు డాక్టరమ్మ ఇక వంగి పనిచేయొద్దంది. వంగకుండా చేసే పని ఆండాలుకు ఏదీ తెలియదు. పదహారేళ్లు ఏసమ్మ నాట్ల గుంపులో వంగే బతికింది. మాడుగులపల్లి అవతల కాలువ కింద ఉన్న తన ఊరికి తిరిగొచ్చి, గోడవైపు మొహం పెట్టి మంచంలో పడుకుంది. భర్త సైదులు రైస్ మిల్లులో హమాలీ. పొద్దున పోతే మళ్లీ పొద్దుగూకినాకే ఇంట్లో కనబడతాడు. అతనితో మాట్లాడడం కూడా మానేసింది.

పదోరోజు ఏసమ్మ వచ్చింది. చంకలో ఒక ఎర్రపెట్ట, కొంగులో పదకొండు గుడ్లు.

"ఊకె పండుకుంటె పానం పాడైతదే. ఈ పెట్ట పొదుగుడు మీదున్నది. ఇంట్ల గంప ఉన్నదా?"

"నాకెందుకక్కా ఇప్పుడు కోళ్లు?"

"నీకెందుకో నాకేం తెలుసు? దానికి జాగ గావాలె."

గంపలో ఇసుక పోసి, ఇసుక మీద గడ్డి పరిచి, గుడ్లు పేర్చి, పెట్టను కూర్చోబెట్టి వెళ్లిపోయింది ఏసమ్మ. ఇరవై ఒక్క రోజులకు తొమ్మిది పిల్లలు దిగాయి. వాటికి నూకలు వేయడానికి ఆండాలు మంచం దిగింది. గద్ద రాకుండా కాపలా కూర్చోవడానికి బయటికి వచ్చింది. మాడుగులపల్లి పశువుల దవాఖానకు నడిచిపోయి, కొక్కెర తెగులుకు కంట్లో వేసే చుక్కలు తెచ్చింది. మూడేళ్లు తిరిగేసరికి పెరట్లో ఇరవై ఆరు కోళ్లు. ఎర్రటి ఒళ్లు, మెడ చుట్టూ తెల్లటి చుక్కలు. చూడగానే ఆండాలు కోళ్లని తెలిసిపోయేవి. నాటుగుడ్ల కోసం మిర్యాలగూడ నుంచి బండ్ల మీద మనుషులు వచ్చేవాళ్లు. అంతకుముందు ఊళ్లో ఆమె సైదులు పెళ్లాం. ఇప్పుడు కోళ్ల ఆండాలు. ఆ పేరంటే ఆమెకు ఎంత ఇష్టమో సైదులుకు కూడా తెలియదు.

పెరటి గోడకు అవతల వెంకటనర్సయ్య మడి. ఆరెకరాల ఆసామి. బోరు అక్కడే ఉంది గనుక ప్రతి పంటకూ నారు అక్కడే పోస్తాడు. మొలకెత్తిన వడ్లంటే కోళ్లకు ప్రాణం. గోడ నడుమెత్తు కూడా లేదు. మొదటిసారి మంచిగానే చెప్పాడు. రెండోసారి గట్టిగా చెప్పాడు. ఆండాలు గోడ మీద ముళ్లకంప పెట్టింది, దాని మీద చేపల వల కట్టింది. అయినా రోజుకు రెండో మూడో ఎగిరి అటు దిగేవి. ఆమె పరుగెత్తిపోయి తోలుకొచ్చేది.

ఆ యాసంగి పంటకు నారు పోసిన తొమ్మిదో రోజు, పొద్దున పదిగంటలవేళ ఆండాలు అంట్లు తోముతోంది. పుంజు మెడ ఒకపక్కకు వాలింది. ఎండకు కళ్లు తిరిగాయేమో అనుకుంది, డిసెంబర్ నెలలో. అది రెండడుగులు వేసి కూలబడి, రెక్కలతో నేలను కొట్టింది. ముక్కులోంచి సొంగ కారుతోంది. తలెత్తి చూసేసరికి పెరడంతా అట్లాగే ఉంది. ఒకటి తొట్టి పక్కన, ఒకటి గడప ముందు, నాలుగు చింతచెట్టు మొదట్లో. ఒకదాని నోట్లో చింతపండు నీళ్లు పోస్తుంటే పక్కది పోయేది. పన్నెండు కొట్టేసరికి ఇరవై ఐదు కోళ్లు చచ్చాయి. ఇంట్లో గంప కింద పొదుగుతున్న ఎర్రపెట్ట ఒక్కటే మిగిలింది.

గోడ మొదట్లో, ఇవతలివైపు, బట్టలుతికే బండ దగ్గర పిడికెడు అన్నం మెతుకులు కనిపించాయి. మెతుకుల్లో నీలంరంగు గుళికలు.

ఆ మెతుకులు ప్లాస్టిక్ కవర్లో ఎత్తుకుని ఆండాలు వెంకటనర్సయ్య ఇంటికి పోయింది. అతను వసారాలో కుర్చీలో కూర్చుని చాయ్ తాగుతున్నాడు. భార్య సాలమ్మ గుమ్మంలో నిలబడి ఉంది.

"నర్సయ్య బావా, ఏందిది?"

"నారుమడికి గుళికలు ఏసిన. మందు గొట్టిన మడిలకు రావొద్దని నీ కోళ్లకు నువ్వు చెప్పుకోవాలె. నేను బోర్డు వెట్టాల్నా?"

"మడిల ఏసిన గుళికలు బువ్వల కలిసి నా పెరట్లకెట్లొచ్చినయ్?"

"గాలికొచ్చినయేమో."

ఆ మాట అని నవ్వాడు. పెద్దగా కాదు, చాయ్ గ్లాసు మూతి దగ్గర పెట్టుకుని ముక్కుతో నవ్వాడు. సాలమ్మ లోపలికి వెళ్లిపోయింది. "ఎందుకు పరేషాన్ అయితవ్, రెండు కోళ్లు కొనిస్త తియ్యి," అన్నాడు వెంకటనర్సయ్య.

కోళ్లు చచ్చినందుకు ఆండాలు అప్పటిదాకా ఏడ్చింది. ఆ నవ్వు విన్నాక ఏడుపు ఆగిపోయింది.

చచ్చిన పెట్టనొకదాన్ని సంచిలో వేసుకుని మిర్యాలగూడ ఆటో ఎక్కింది. పశువుల డాక్టర్ శోభారాణి కోడిని కోసి, మేతసంచి విప్పి చూపించింది. నిండా అన్నం, గుళికలు. అదే కాగితం మీద రాసిచ్చింది. ఆ కాగితం పట్టుకుని ఠాణాకు పోతే కానిస్టేబుల్ చదివి, మడతపెట్టి తిరిగిచ్చాడు. "కోళ్లకు కేసేందమ్మా? మీరూ మీరూ మాట్లాడుకోండ్రి." లోపల ఎవరో "కూరొండుకున్నరా ఏంది?" అని అడిగారు. మరొకరు నవ్వారు.

"పోనీయ్ ఆండాలూ. పెద్దోనితోని మనకెందుకు?" అన్నాడు సైదులు ఆ సాయంత్రం, గొయ్యి తవ్వుతూ. ఆమె కోళ్లను ఒక్కొక్కటిగా గోతిలో పెట్టింది. ఏది ఎప్పుడు పుట్టిందో, ఏది ఎన్ని గుడ్లు పెట్టేదో ఆమెకు తెలుసు.

నాలుగు రోజుల తర్వాత ఆండాలు అవే గుళికల పొట్లం సంపాదించింది. వెంకటనర్సయ్యకు రెండు పాడిబర్రెలు. మధ్యాహ్నం అవి కొట్టంలో ఒంటరిగా ఉంటాయి. తవుడులో కలిపిన గుళికలు గిన్నెలో తీసుకుని కొట్టం దాకా పోయింది. పెద్ద బర్రె తల చాపి, గిన్నె పట్టుకున్న ఆమె మోచేతిని నాకింది. ఆండాలు చెయ్యి వెనక్కు తీసుకుంది.

జాలివల్ల కాదు. చచ్చేది బర్రె, ఏడ్చేది సాలమ్మ. వాడు మాత్రం ఇంకో బర్రెను తోలుకొచ్చి వసారాలో చాయ్ తాగుతాడు. ఆమెకు కావలసింది వాడు. గిన్నెలోది కాలువకు దూరంగా గొయ్యి తీసి పూడ్చి ఇంటికి వచ్చింది.

జనవరిలో నాట్లు పడ్డాయి. వెంకటనర్సయ్య మడిలో నాటేసింది ఏసమ్మ గుంపే. ముప్పై మంది ఆడవాళ్లు వరసకట్టి వంగి, ఆరెకరాలు రెండు రోజుల్లో పచ్చగా చేశారు. ఆండాలు గోడ దగ్గర నిలబడి చూసింది. ఊళ్లో ఎవరితోనూ మెత్తగా మాట్లాడని వెంకటనర్సయ్య ఆ రెండు రోజులు "ఏసమ్మా, జర దగ్గర దగ్గర వెట్టిపియ్యి, నీ పుణ్యముంటది," అంటూ గట్టు మీద తిరిగాడు. చాయ్ క్యాను తనే మోసుకొచ్చాడు.

రెండో సాయంత్రం ఏసమ్మ కాళ్లు కడుక్కోవడానికి బోరు దగ్గరికి వచ్చింది.

"అక్కా, నా కోళ్లను సంపినోని మడిల నాటేస్తవా నువ్వు?"

ఏసమ్మ నడుం పట్టుకుని నిటారుగా నిలబడింది. "ముప్పై మంది కడుపులే ఆండాలూ. నీ కోళ్లకోసం వాళ్లను పస్తులుండమంటనా?"

"నీవైతే?"

"నావైతే అప్పటి ముచ్చట. నా కోడి మీద చెయ్యేస్తె వాని మడిల ఎవ్వతి కాలు వెడుతదో సూద్దును," అని నవ్వింది ఏసమ్మ. అలసిపోయి ఉంది. అన్న మాట ఇంటికి పోయేలోపే మరిచిపోయి ఉంటుంది.

ఆండాలు మరిచిపోలేదు. ఏసమ్మ మీద కోపంతో ఆ రాత్రి నిద్రపట్టలేదు. తెల్లారేసరికి కోపం పోయింది, మాట మిగిలింది.

ఎర్రపెట్ట కింద పిల్లలు దిగాయి. హుజూర్‌నగర్‌లో చెల్లెలి దగ్గర అంతకుముందు ఇచ్చిన కోళ్లున్నాయి, అదే ఎరుపు, అవే చుక్కలు. అక్కడినుంచి గుడ్లు తెచ్చి మరో పొదుగు పెట్టింది. సైదులుతో చెప్పి ఇనుప జాలీతో కొత్త గూడు కట్టించింది. కోళ్లు గూటిలోనే పెరిగాయి. గడ్డి కోసుకొచ్చి, చెదపురుగులు తవ్వి తెచ్చి లోపల వేసేది. ఒక్కటంటే ఒక్కటి బయటికి రాలేదు. వెంకటనర్సయ్య గోడ మీదినుంచి చూసి, "బుద్ధొచ్చిందే ఆండాలూ," అన్నాడు. ఆమె తలూపింది.

జూన్‌లో తొలకరి పడింది. వెంకటనర్సయ్య మడి దున్నించి వానాకాలం నారు పోశాడు. మరుసటి రోజు ఆండాలు గుడ్డుకొచ్చే నాలుగు పెట్టల్ని, ఒక పుంజును గంపలో పెట్టుకుని ఏసమ్మ ఇంటికి పోయింది. నారుమడికి అటువైపు కాలువ కట్ట మీద ఉంటుంది ఆ ఇల్లు. ఇటు ఆండాలు గోడ, అటు ఏసమ్మ పాక, మధ్యలో నారు.

ఏసమ్మ మొహం విప్పారింది. "నేనిచ్చిన పెట్ట మనుమరాళ్లు గదనే ఇవి! నాలుగేండ్ల పిల్ల ఉన్నది ఇంట్ల, గుడ్లకు మస్తు పనికొస్తయ్. గూడు కట్టాల్నా?"

"గూడెందుకక్కా? కట్ట మీద పురుగులు మస్తుగున్నయ్. ఇడిసిపెట్టు, గవే మేస్తయ్."

వారం గడిచింది. ఆండాలు రోజూ గోడ దగ్గర కూర్చుని బియ్యం ఏరుకుంటూ చూసేది. ఎనిమిదో రోజు ఎర్రకోళ్లు కట్ట దిగి మడిలోకి వచ్చాయి. వెంకటనర్సయ్య మట్టిపెళ్లలు విసిరి తరిమి, గోడవైపు తిరిగి అరిచాడు.

"ఏమే ఆండాలూ! మళ్ల ఇడిసిపెడుతున్నవా? నీ కోళ్లను కట్టేసుకుంటవా లేదా?"

అవి నావి కావు బావా, ఏసమ్మవి. అన్నీ కలిపి నాలుగు ముక్కలు. ఆ నాలుగు ముక్కలూ అంటే అక్కడితో అయిపోయేది. ఏసమ్మ కోళ్లని తెలిస్తే నాట్ల ముందు అతను వాటికి దండం పెట్టి దారి ఇచ్చేవాడు.

"కట్టేసుకుంట తియ్యి, బావా," అంది ఆండాలు.

మర్నాడు కూడా అరిచాడు. మర్నాడూ అదే మాట చెప్పింది. మూడో రోజు అతను అరవలేదు. ఆ అరవకపోవడమే ఆమె ఎదురుచూస్తున్నది. పదహారేళ్ల పిల్లకు పండుగ ముందు ఉన్నట్టు ఉంది.

నాలుగో రోజు ఏసమ్మ గుంపు పక్కూరికి పత్తి చేనులో కలుపుకు పోయింది. పదకొండు గంటలకు కట్టమీద పుంజు ఎగిరి, పల్టీకొట్టి పడింది. ఆండాలు బియ్యం చాట కింద పెట్టి లేచి నిలబడింది. పెట్ట ఒకటి గుండ్రంగా తిరుగుతోంది. అయింది, అనుకుంది. పెదవులు వాటంతటవే విడిపోయాయి.

అప్పుడు పాక వెనకనుంచి ఏసమ్మ మనుమరాలు భాగ్య వచ్చింది. అంగన్‌వాడీ లేని రోజు. ఇంట్లో ముసలామె ఎవరో లోపల పడుకుని ఉంటుంది. పిల్ల కోడి పక్కన కూర్చుని, నేలమీది మెతుకులు ఏరి, దాని ముక్కు దగ్గర పెట్టి తినమంటోంది. ఏరిన చెయ్యి పైకి లేచింది.

ఆండాలు గోడ ఎట్లా దాటిందో ఆమెకు గుర్తులేదు. ముళ్లకంప చీర చించింది. నారు తొక్కుకుంటూ, మోకాలిలోతు బురదలో పడి లేచి పరుగెత్తింది. ఆపరేషన్ అయిన పొత్తికడుపులో కత్తి దిగినట్టయింది. పిల్ల పిడికిలి పట్టుకుని విప్పింది. అయిదారు మెతుకులు, ఒక గుళిక.

"తిన్నవా? నోరు తెరువు! తిన్నవా బిడ్డా?"

పిల్ల బెదిరి ఏడ్చింది. నోట్లో వేలు పెట్టి చూసింది. ఏమీ లేదు. తొట్టి దగ్గరికి ఎత్తుకుపోయి బట్టల సబ్బుతో చేతులు కడిగింది, మళ్లీ కడిగింది, నోరు పుక్కిలింపించింది. అయినా నమ్మకం కుదరక, రోడ్డున పోయే ఆటో ఆపి మిర్యాలగూడ దవాఖానకు తీసుకుపోయింది. డాక్టర్లు సాయంత్రం దాకా ఉంచి చూసి, పిల్ల బాగానే ఉంది తీసుకుపొమ్మన్నారు.

ఏసమ్మ అప్పటికి దవాఖాన మెట్ల మీద ఉంది. మనుమరాలిని ఒళ్లో వేసుకుని, ఆండాలు చెయ్యి పట్టుకుని కళ్లకద్దుకుంది. "నువ్వు లేకుంటె నా ఇల్లు ఆరిపోతుండె," అంది. ఆండాలు ఆ చెయ్యి వెనక్కి తీసుకోలేకపోయింది.

మర్నాడు పొద్దున ముప్పై మంది ఆడవాళ్లు వెంకటనర్సయ్య వసారా ముందుకు పోయారు. ఏసమ్మ చచ్చిన అయిదు కోళ్లనూ అతని కుర్చీ ముందు వరసగా పెట్టింది. వెంకటనర్సయ్య వాటిని చూసి, ఆమెను చూసి, తెల్లబోయాడు.

"నీయా ఇవి? నీయని నాకు తెల్వదు ఏసమ్మా..."

"ఎవ్వరియి అనుకున్నవ్ పటేలా?"

జవాబు ఏది చెప్పినా మందు పెట్టింది తానేనని ఒప్పుకున్నట్టే. సాలమ్మ గుమ్మంలో తల కొట్టుకుంది.

"పిల్ల తిననీకె చేతిల వట్టుకున్నది," అంది ఏసమ్మ. గొంతు పెంచలేదు. "నీ మడిల మా చెయ్యి వెట్టం. ఈ ఊరి ఆడిది ఎవ్వతి వెట్టదు."

ఆడవాళ్ల వెనక నిలబడి ఆండాలు అతని మొహాన్నే చూసింది. ముక్కుతో నవ్విన ఆ మొహం బూడిదరంగుకు తిరిగింది. ఏడు నెలలుగా ఆమె కడుపులో పెట్టుకుని మోసింది ఈ ఒక్క చూపు కోసం. అది ఆమెకు తియ్యగా ఉంది. ఆ తీపిలోనే పిల్ల పిడికిలి గుర్తొచ్చి, కళ్లు దించుకుంది. మళ్లీ ఎత్తి చూసింది.

కాలువకు నీళ్లు వదిలారు. ఊళ్లో మడులన్నీ దమ్ము చేసి నాట్లు మొదలుపెట్టారు. వెంకటనర్సయ్య నారుకు ఇరవై అయిదు రోజులు నిండాయి. ట్రాక్టర్ కోసం తండాకు పోతే, ట్రాక్టర్ నడిపే బీక్యా, "ఏసమ్మ గుంపు రాదంటున్నరు గద పటేలా, నాటేసేటోళ్లు లేని మడి దున్ని ఏం జేస్తవ్? ముందు వాళ్లను మాట్లాడుకొని రా," అన్నాడు. వారం తర్వాత ఎక్కడిదో ట్రాక్టర్ వచ్చి దమ్ము చేసిపోయింది. అప్పటికి నారుకు ముప్పై రెండు రోజులు.

ముప్పై ఆరో రోజు కోదాడ వైపు నుంచి రెండు ఆటోల్లో కూలీలు దిగారు. వెంకటనర్సయ్య ఎదురుపోయి చాయ్ పోస్తున్నాడు. ఏసమ్మ మనుమరాలిని చంకనేసుకుని గట్టు మీదికి వచ్చి, ఆ గుంపు పెద్దమ్మతో రెండు నిమిషాలు మాట్లాడింది. ఆండాలుకు మాటలు వినబడలేదు. ఆ పెద్దమ్మ పిల్ల చెయ్యి పట్టుకుని చూడడం కనబడింది.

"మాకూ పిల్లలున్నారండీ. ఈ పాపం మాకొద్దు. కిరాయి మీరేమీ ఇవ్వొద్దు, మేమే పెట్టుకుంటాం," అని ఆమె గట్టిగా చెప్పింది. ఆటోలు వెనక్కి తిరిగాయి.

నారు నలభై రోజులు దాటింది. కొసలు పసుపు తిరిగాయి, మొదట్లో కణుపులు వచ్చాయి. అంత ముదిరిన నారు నాటినా పిలక వేయదని వరి తెలిసినవాళ్లందరికీ తెలుసు. ఏ నారు కోసమైతే ఆండాలు పెరట్లో ఇరవై అయిదు పీనుగులు లేచాయో ఆ నారు ఆమె కళ్ల ముందే గడ్డవుతోంది. రోజూ పొద్దున్నే గోడ దగ్గరికి పోయి చూసుకునేది. ఆకలి ఎక్కువైంది. సైదులు, "ఈ మధ్య మంచిగ తింటున్నవ్," అన్నాడు.

చివరికి వెంకటనర్సయ్య, సాలమ్మ, ఆమె తమ్ముడు, మరదలు నలుగురూ కలిసి మడిలోకి దిగారు. పది రోజుల్లో ఎకరంనర నాటగలిగారు. సాలమ్మకు మోకాళ్ల నొప్పులు. బురదలో చేతులు ఆనించి, కాలు లాక్కుని జరిగేది. ఆమెను చూడాల్సివచ్చినప్పుడు ఆండాలు ఇంట్లోకి పోయేది. మిగిలిన నాలుగున్నర ఎకరాల్లో తుంగ లేచింది.

ఆగస్టు చివర్లో ఒక సాయంత్రం వెంకటనర్సయ్య గోడ దగ్గరికి వచ్చాడు. గడ్డం మాసింది. ఆండాలు కోళ్లకు నీళ్లు పెడుతోంది.

"నీ కోళ్లు లోపట్నే ఉన్నయ్," అన్నాడు, గూటివైపు చూస్తూ. "ఆ రోజు గూడ లోపట్నే ఉన్నయ్. నేను రెండుసార్లు ఒర్లిన, కట్టేసుకోమని. నువ్వు కట్టేసుకుంట అన్నవ్. లోపట ఉన్న కోళ్లను ఏం కట్టేసుకుంటవే?"

ఆండాలు చెంబులో మిగిలిన నీళ్లు కోళ్ల గిన్నెలో పోసింది.

"నేను మందు వెట్టిన. రెండుసార్లు వెట్టిన. ఒప్పుకుంట. కానీ ఏసమ్మ కోళ్లకు నేను వెట్టలే. నీయి అనుకొని వెట్టిన. నాతోని నువ్వు వెట్టిచ్చినవ్. ఆ పిల్ల..." ఆగాడు. "నాకు తెల్వకుండ పిల్ల చేతికొచ్చింది. నీకు తెలిసే కోళ్లు పోయినయ్. ఏసమ్మకు చెప్తె ఏమంటదో సూస్త."

"చెప్పు," అంది ఆండాలు. "నువ్వు చెప్తె నమ్మదు."

"నమ్మదు. నాకు తెలుసు," అన్నాడతను. నవ్వలేదు. మడిలోకి తిరిగి వెళ్లిపోయాడు.

అతను చెప్పడు, చెప్పినా ఏసమ్మ వినదు. ఆండాలు నిశ్చింతగా ఉండొచ్చు. కానీ ఊరు మొత్తంలో తను చేసిన పని సరిగ్గా తెలిసిన మనిషి వాడొక్కడే. వాడితో తనకు ఒక రహస్యం కలిసింది. ఏసమ్మ దగ్గర లేని దగ్గరతనం వాడి దగ్గర వచ్చింది. అది ఆమెకు ఒంటి మీద జెర్రి పాకినట్టనిపించింది. మూడు రోజులు భరించింది. నాలుగో రోజు ఆదివారం, ఏసమ్మ చర్చి నుంచి తిరిగొచ్చాక, ఆమె ఇంటికి పోయింది.

ఏసమ్మ పాక ముందు కూర్చుని మనుమరాలికి తల దువ్వుతోంది. ఆండాలు నిలబడే చెప్పింది. జనవరిలో బోరు దగ్గర ఏసమ్మ అన్న మాట నుంచి మొదలుపెట్టి, గంపలో కోళ్లు తెచ్చిన రోజు, గూడు వద్దన్న మాట, వెంకటనర్సయ్య అరిచినప్పుడు చెప్పిన జవాబు, అన్నీ చెప్పింది. ఒక్కటీ దాచలేదు. ఏసమ్మ దువ్వెన ఆగిపోయింది. పిల్ల వెనక్కి తిరిగి చూసింది.

"పిల్ల ఉన్నదని నీకు తెల్వదా?" అంది ఏసమ్మ.

"పిల్ల యాదికి రాలె అక్కా. కోళ్లే యాదికొచ్చినయ్."

"నేను రాలేదా?"

ఆండాలు పిల్ల చేతులవైపు చూసింది.

"పిల్ల చెయ్యి కడిగింది నువ్వే. అందుకని ఈ ముచ్చట ఎవ్వరికి చెప్ప," అంది ఏసమ్మ. "వాని మడి సంగతి వేరే. మందు వెట్టింది వాడే, వానికి జరిగింది జరగాల్సిందే. నువ్వు మాత్రం మా గడపకు రాకు."

వెంకటనర్సయ్య ఆ ఏడు ఎకరంనరలో ఎనిమిది బస్తాలు కూడా పండించలేదు. యాసంగికి ఆరెకరాలూ బీక్యాకు కౌలుకిచ్చి, సూర్యాపేటలో కొడుకు పెట్టిన ఎరువుల దుకాణంలో కూర్చోవడానికి పోయాడు. సాలమ్మ కూడా వెళ్లింది. వసారాలో కుర్చీ బోర్లించి ఉంది. ఆ ఇంటి ముందునుంచి పోతున్నప్పుడల్లా ఆండాలు ఆ కుర్చీని చూస్తుంది, చూసిన ప్రతిసారీ ఒంట్లో కాస్త బలం వచ్చినట్టుంటుంది. ఆ మాట ఎవరితోనూ అనదు.

జనవరిలో బీక్యా నాట్లకు ఏసమ్మ గుంపు వచ్చింది. మధ్యాహ్నం ఆడవాళ్లు గట్టు మీద సద్దులు విప్పారు. ఆండాలు బిందెతో నీళ్లు తీసుకుని పోయింది. పాత స్నేహితురాళ్లందరూ తాగి, ఎట్లున్నవని అడిగారు. ఏసమ్మ తన బాటిల్ మూత తీసుకుని తాగింది.

"అక్కా, పదమూడు పిల్లలు దిగినయ్. పిల్లకు గుడ్లకని నాలుగు పెట్టలు..."

"వద్దు," అంది ఏసమ్మ. కోపంగా కాదు. "నీ తాన ఏం తీసుకున్నా ఎందుకిస్తున్నవా అని సూసుకోవాల్సొస్తది. నాతోని గాదు."

సద్ది గిన్నె కడుక్కుని ఆమె మళ్లీ మడిలోకి దిగింది. మిగతావాళ్లు వరసకట్టారు. ఆండాలు ఖాళీ బిందె నడుమున పెట్టుకుని గట్టు వెంట ఇంటికి నడిచింది.

మళ్లీ ఆ రోజు వస్తే ఏం చేసేదాన్ని అని నడుస్తూ ఆలోచించింది. మళ్లీ చేసేదాన్నే. ఏసమ్మకు మాత్రం ముందే చెప్పేదాన్ని. కానీ చెబితే ఏసమ్మ కోళ్లను గూట్లో పెట్టేది. గూట్లో పెడితే వెంకటనర్సయ్య ఇప్పటికీ ఆ వసారాలో చాయ్ తాగుతూ ఉండేవాడు. ఎటు తిప్పి చూసినా ఆండాలుకు రెండూ కలిసి దక్కే దారి దొరకలేదు. ఇంటికొచ్చి గూడు తలుపు తీసింది. కోళ్లు బయటికొచ్చి, మందు పెట్టేవాడు లేని గోడవైపు నడిచాయి. ఈసారి వాటిని ఆపలేదు.